మర తిప్పినవాడు

“దేవుడే నిన్ను కాపాడినాడు బావా!” అని జాక్సన్ అన్నాడో లేదో, నరేష్ లేచి అతని చొక్కా పట్టుకున్నాడు.

“మళ్లీ ఆ మాటన్నావంటే ఊరుకోను! లోపల తాతబాబు శవమై ఉన్నాడు. ఆడిని ఏ దేవుడు సంపినాడో ముందు సెప్పు!”

మార్చురీ బయట రేకుల షెడ్డు కింద ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. జాక్సన్ మెల్లగా చొక్కా విడిపించుకున్నాడు. అతను నరేష్ చిన్ననాటి స్నేహితుడు. మల్కాపురంలో సైన్సు ట్యూషన్లు చెబుతాడు, ఆదివారం చర్చిలో గిటారు వాయిస్తాడు.

పొద్దున నరేష్ పనిచేసే ఇనుప యార్డులో క్రేను తీగ తెగి ఇనుప ఊచల కట్ట కింద పడింది. రోజూ ఆ కట్టకి కొక్కెం తగిలించేది నరేషే. ఇవాళ అతనికి బండి తాళం దొరకలేదు. మంచం కింద, జేబుల్లో, చివరికి బూట్లలో కూడా వెతికాడు. తాళం బియ్యం డబ్బాలో దొరికింది. తీసుకుని పరుగున వెళ్లేసరికి అంతా అయిపోయింది. అతని చోట తోటి పనివాడు తాతబాబు నిలబడ్డాడట.

“కోపం కాదు బావా, ఇను” అన్నాడు జాక్సన్. “తాళం ఇవాళే పోవాలా? అదీ బియ్యంలోకి పోవాలా? ఈ లోకం కూడా అంతే. ఆకర్షణ బలం ఈసమంత ఎక్కువైతే సుక్కలన్నీ గబగబా కాలిపోయేవి. తక్కువైతే ఒక్కటీ వెలిగేది కాదు. మరలన్నీ మన పేణానికి సరిపడా తిప్పి ఉన్నాయి. తిప్పినోడు లేకుండా మర తిరుగుద్దేటి?”

“తిరుగుద్ది! సరిపడకపోతే అడగడానికి మనవే ఉండం. బతికినోడే ఇలాటి లెక్కలేసుకుంటాడు. ఎల్లి తాతబాబుని అడుగు, ఆడి మరలు ఎవులు తిప్పినారో!”



నరేష్‌కి కాలు నిలవడం లేదు. కుళాయి దాకా వెళ్లాడు, నీళ్లు తాగకుండానే వెనక్కి వచ్చాడు. అతనికి భయంగా ఉంది. ఊరికే జరిగిపోయి ఉంటే ఏడ్చి ఊరుకోవచ్చు. ఎవరైనా కావాలని చేసి ఉంటే మాత్రం, తనని పక్కకి లాగిన చెయ్యే తాతబాబుని అక్కడికి తోసినట్టు. అలా దక్కిన బతుకు ఎలా బతకాలి?

“బావా, నీ కాళ్లు పట్టుకుంటాను. సదువుకున్నోడివి. ఎవులూ సెయ్యలేదు, ఊరికే అయిపోనాదని ఒక్క మాట సెప్పు.”

“అలాగే. ఊరికే అయిపోనాది” అన్నాడు జాక్సన్, అతని ముఖం చూడకుండా.

అప్పుడే ఆటో దిగి నరేష్ భార్య ధనలక్ష్మి వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు వాచిపోయాయి. నరేష్ ఎదురెళ్లాడు.

“ఇన్నావేటే? మాస్టారు కూడా ఒప్పుకున్నాడు. పొద్దున్న బియ్యం తీసినప్పుడు నీ సెయ్యి తగిలి తాళం జారిపోయుంటది. అంతే కదేటి?”

ధనలక్ష్మి నేల మీద కూలబడింది.

“జారలేదయ్యా. నానే దాసినాను.”

జాక్సన్ ఆమె పక్కన కూర్చుని, “ఎందుకమ్మా?” అన్నాడు.

“ఈయన రాత్రంతా జొరంతో మూలిగినాడు. డ్యూటీ మానీమంటే ఇంటాడా?”

“అయితే నువ్వేనా? నన్ను బతికించింది నువ్వేనేటే?” అన్నాడు నరేష్. “నీకెలా తోసిందే?”

“నాకు తోసలేదు.” ఆమె మార్చురీ తలుపు వైపు చూసి వెక్కింది. “నిన్న నువ్వు వొణకడం యార్డులో సూసినాడంట. ‘అక్కా, తాళం దాసీ. బావని కాసేపు తొంగోనీ. ఆయన పని నాను సూసుకుంటాను’ అని పొద్దున్నే ఫోన్ సేసినోడు తాతబాబే.”