తమ్ముడి బదులు

“గీ కాగితం జర సూడు సారూ,” అంటూ మార్త కవర్లోంచి ఈసీజీ తీసి బల్లమీద పెట్టింది.

ఈయన మూడో డాక్టరు. తాండూరులో ఇద్దరికి చూపించడం అయిపోయింది. పొద్దున్నే వికారాబాద్ రైలెక్కారు తల్లీకొడుకులు. దారి పొడుగునా ఆమె ఒడిలోని కవరు మీంచి చెయ్యి తియ్యలేదు. పక్కన ప్రేమ్‌సాగర్ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

డాక్టరు కాగితం వెలుతురుకు పట్టాడు. “నవీన్‌కుమార్, ఇరవై రెండేళ్లు. ఇక్కడొక చిన్న మెలిక ఉంది. కొందరికి ఉంటుంది, ప్రమాదమేం కాదు. అబ్బాయి ఇతనేనా అమ్మా?”

“వీడు గాదు సారూ, వీని తమ్ముడు. వాడు లేడు. ఉరుక్కుంట పడిపోయిండు. నాలుగు నెలలైతుంది.”

డాక్టరు కళ్లద్దాలు తీసేశాడు.

నవీన్ తాండూరులో బండల పాలిషింగ్ పనిచేసేవాడు. కానిస్టేబుల్ కావాలని ఆశ. గుండె పరీక్ష కాగితం తెస్తేనే మైదానంలో అడుగు పెట్టమన్నాడు పరుగు నేర్పే మాస్టారు. కాగితం ఇచ్చిన తొమ్మిదో రోజున, మూడో రౌండులో బోర్లా పడ్డాడు. మళ్లీ లేవలేదు.

“పరీక్షకు వెంట ఎవరెళ్లారు?”

“మా పెద్దోడే. ఇంట్ల ఏ లైనైనా వీడే నిలవడ్తడు సారూ. రేషన్‌కు వీడే, గ్యాస్‌కు వీడే. తమ్మునికి సర్టిఫికెట్ గావాల్నన్నా వీడే. చిన్నోనికి పనికాడ సెలవే దొరకకపాయె.”

ప్రేమ్‌సాగర్ తల ఎత్తలేదు.

డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. “గుండెలో పెద్ద లోపముంటే చాలావరకు ఇందులో ఏదో ఒకటి కనబడుతుందమ్మా. ఏమీ లేదు. ఈ గుండె ఎనభై ఏళ్లు కొట్టుకోవాల్సింది.”

మార్త తలాడించింది. అడగాల్సిన ప్రశ్నకు జవాబు దొరికినట్టుగా.

“అంటే నేనే సారూ. ఆ పొద్దు ‘ఆయాసమొస్తుందే అమ్మా, ఇయ్యాల పోను’ అన్నడు. ‘దొంగ యేషాలెయ్యకు, కాగితంల అంత మంచిగుంది గదా’ అని దుప్పటి గుంజి నేనే తోలిన.”

“నీ తప్పు గాదే అమ్మా,” అన్నాడు ప్రేమ్‌సాగర్.

“మరెవలదిరా?”

అతను నోరు తెరిచాడు. మూసుకున్నాడు. నాలుగు నెలలుగా అదే వరస.

మార్త కొంగుతో ముఖం తుడుచుకుంది. “వీనికి గూడ పరీక్ష చెయ్యి సారూ. రేపటి సంది తమ్ముని బదులు వీడు ఉరుకుతడంట. పోలీసైతడంట. నువ్వు మంచిగుందంటేనే పంపుత.”

“నాకెందుకే? పోదాం పా.”

“లోపలికి నడువు!”

నర్సు అతన్ని బల్లమీద పడుకోబెట్టింది. ఛాతీకి జిగురు చల్లగా తగలగానే కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

“దీనికి సూది గూడ లేదు, గట్ల వణుకుతవేందయ్యా?” నర్సు నవ్వింది. “మొదటిసారా?”

అతను ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

కాగితం వచ్చింది. ప్రేమ్‌సాగర్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి తల్లి వెనక నిలబడ్డాడు. డాక్టరు చూశాడు. అలవాటుగా పక్కకు పెట్టబోయి ఆగాడు. నవీన్ కాగితాన్ని మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు. రెండూ పక్కపక్కన పరిచాడు. ఒక గీతను వేలితో వెంబడించి, రెండోదాని మీదా అదే చోట ఆగాడు. అదే మెలిక. అంతే వంపు.

తలెత్తి ప్రేమ్‌సాగర్‌ని చూశాడు. తల్లికి కనబడకుండా ఆ కుర్రాడు చేతులు జోడించి ఉన్నాడు.

“ఎట్లుంది సారూ?” అంది మార్త ఆత్రంగా. “చిన్నోని లెక్కనే ఉందా?”

డాక్టరు రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి మడిచాడు.

“అలాగే ఉందమ్మా,” అన్నాడు చివరికి.

పేర్లు రెండున్నా, రెండు కాగితాల్లోనూ కొట్టుకుంటున్నది ప్రేమ్‌సాగర్ గుండే.