ముందు వరసలో చెయ్యి

పాట మంచి ఊపులో ఉండగా ముందు వరసలో ఒక చెయ్యి లేచింది.

లేచి, మెల్లగా కిందికి దిగింది. కాస్త తగ్గించు బాబూ, అన్నట్టు.

డ్రమ్ముల వెనక కూర్చున్న పిడుగుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

అతని అసలు పేరు అభిమానులు ఎప్పుడో మరిచిపోయారు. వాయిస్తే పిడుగు, కోపం వస్తే అంతకన్నా పిడుగు. కొన్నేళ్ల కిందట ఇలాంటి స్టేజి మీదే, జనం చూస్తుండగా, పాడుతున్న సొంత తమ్ముడి చెంప ఛెళ్లుమనిపించాడు. తాళం తప్పాడట! ఆ దెబ్బతో రాక్ బ్యాండ్ ముక్కలైంది. అన్నదమ్ముల మధ్య మాటలు పోయాయి.

ఎవరెవరో కాళ్లావేళ్లా పడితే చివరికి కలిశారు. టూర్ ప్రకటించారు, పోస్టర్లు అంటించారు. సరిగ్గా అప్పుడే దాపురించింది మహమ్మారి. హాళ్లకు తాళాలు పడ్డాయి. తమ్ముడు ఆసుపత్రి పాలయ్యాడు.

అన్నని లోపలికి పోనివ్వలేదు. రోజూ ఆసుపత్రి గేటు దగ్గరే నిలబడేవాడు.

"వాడు బతికొస్తే చాలు. మళ్లీ వాడి వెనక కూర్చుని వాయిస్తాను. జన్మలో ఎవరిమీదా చెయ్యి చేసుకోను" అని ఆ ఊచలు పట్టుకుని ఏడ్చాడు.

తమ్ముడు బతికొచ్చాడు. ఇన్నాళ్లకు టూర్ మొదలైంది. అది చివరిదాకా సాగాలి, అంతకన్నా పిడుగుకి ఈ లోకంలో మరేమీ అక్కర్లేదు.

మరి మధ్యలో ఈ దిక్కుమాలిన చెయ్యేమిటి?

తర్వాతి ఊళ్లోనూ అదే చెయ్యి. ఆ పై ఊళ్లోనూ అదే. బక్కపల్చటి మనిషి, బట్టతల, మూతికి మాస్కు. గెంతడు, అరవడు, ఈల వెయ్యడు. చెయ్యి ఎత్తుతాడు, దించుతాడు.

"ఎవడ్రా వాడు? నన్ను మెల్లగా వాయించమంటాడేం?" అన్నాడు పిడుగు.

తమ్ముడు ఉలిక్కిపడ్డాడు. "పోనీలే అన్నయ్యా. ఆయన సరదా ఆయనది."

"ఆ సరదా నేను తీరుస్తా."

"నీకు దణ్ణం పెడతాను. ఆయన జోలికి వెళ్లకు."

వెళ్లకుండా ఉంటే పిడుగెందుకవుతాడు?

మర్నాడు మధ్యాహ్నం కొత్త హాలు వెనక లారీ నుంచి సామాను దించుతున్నారు. పిడుగు చేతిలో డ్రమ్ముల స్టాండు తాలూకు ఇనప రాడ్డు ఉంది. గోడ పక్కన, గేటు తీస్తారేమోనని చూస్తూ ఆ మనిషి ఉన్నాడు.

"ఏరా, నాకు పాఠాలు చెప్తున్నావా?"

"మీకు కాదు సార్."

"మరెవరికి?"

ఆ మనిషి గేటు వైపు చూశాడు.

పిడుగు అతని చొక్కా పట్టుకుని గోడకేసి కొట్టాడు. మాస్కు ఊడిపోయింది. గుద్దుకి పెదవి చిట్లింది. కింద పడ్డవాణ్ణి డొక్కలో తన్నాడు.

"చెప్పు! ఎవడు పంపించాడు నిన్ను?"

"చెప్పనని మాటిచ్చాను సార్." అతను రక్తం ఉమ్మేశాడు. "ఇవాళ్టికి లోపలికి పోనివ్వండి. పాట అయిపోయాక ఎన్ని దెబ్బలైనా తింటాను."

"లోపలికెళ్లి మళ్లీ చెయ్యెత్తుతావా?"

"ఎత్తాలి సార్."

ఎంత పొగరు!

రాడ్డు లేచింది. మణికట్టు పుటుక్కుమంది. ఆ కేకకి సామాను దించేవాళ్లు పరిగెత్తుకొచ్చి పిడుగుని వెనక్కి లాగారు.

"వీణ్ణి గేటు దాటనిచ్చారో, తర్వాత మీ వంతే" అని కాపలావాళ్లని హెచ్చరించి లోపలికి పోయాడు.

చేతులు కడుక్కుంటుంటే ఒట్టు గుర్తొచ్చింది. సిగ్గేసింది కూడా.

'తమ్ముడి మీద కాదుగా' అని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు.

సాయంత్రం హాలు కిక్కిరిసింది. వందల చేతులు లేచాయి. మెల్లగా దిగే చెయ్యి మాత్రం లేదు.

'అమ్మయ్య, పీడ విరగడైంది' అనుకుని పిడుగు చెలరేగిపోయాడు.

తమ్ముడు పాడుతూనే ముందు వరసంతా కళ్లతో గాలిస్తున్నాడు. ఆ చివర నుంచి ఈ చివరికి, మళ్లీ ఆ చివరికి. అది ఉత్సాహమనుకుని అన్న ఇంకా జోరు పెంచాడు. తమ్ముడి మెడ నరాలు ఉబ్బాయి. పై స్వరం అందుకుని పట్టుకున్నాడు, వదల్లేదు. జనం వెర్రెత్తిపోయారు.

స్వరం పుటుక్కున తెగింది.

తమ్ముడు మైకుతో సహా బోర్లా పడ్డాడు. స్పీకర్లు దభీమన్నాయి. అదీ ఆటలో భాగమేననుకుని జనం ఈలలు వేశారు.

స్టేజి వెనక గదిలో ఎవరో అంబులెన్సు కోసం ఫోన్లో అరుస్తున్నారు. తమ్ముడి పెదాలు నీలంగా మారాయి.

"పీల్చరా! ఊపిరి పీల్చు!" అని అరిచాడు పిడుగు.

"ఆయనేడీ... చెయ్యి..."

"ఏ చెయ్యిరా?"

"ఎత్తితే పీలుస్తా... దించితే వదుల్తా. పాటలో పడితే ఎప్పుడు పీల్చాలో... నాకు తెలీదు. నీకు చెప్తే... స్టేజి ఎక్కనివ్వవని..."

పిడుగు గబగబా తన చెయ్యి ఎత్తాడు.

తమ్ముడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. "నీది వద్దన్నయ్యా. అది లేస్తే... భయమేస్తుంది."

"ఎవర్రా ఆయన?" అన్నాడు పిడుగు.

"నువ్వు గేటు బయట ఏడుస్తుంటే... లోపల నా మంచం పక్కన నిలబడి... ఆ చేత్తోనే నాకు మళ్లీ ఊపిరి తీసుకోవడం నేర్పిన నర్సు."