మేకు గీత

"ఈ గీత గీసింది నేనే మాస్టారూ," అంటూ ఒక్‌బున్ పాత రికార్డును బల్లమీద పెట్టింది. ఒకప్పుడు రేడియో స్టేషన్లో రికార్డుల గది చూసుకున్న మనిషి.

సియోల్‌లో తొలితరం రాక్ గాయకుడు మన్‌హో గిటారు తీగ బిగిస్తూ తలెత్తలేదు. ఆయన పాటని నిషేధించినప్పుడు, ఎవరూ వెయ్యకుండా రేడియోవాళ్ళు దానిమీద మేకుతో గీకేశారు. దుకాణాల్లో ఒక్క రికార్డూ మిగల్లేదు.

"నలభై ఏడేళ్ళకి క్షమాపణా? బార్లీ టీ తాగి వెళ్ళమ్మా."

"ముందు ఏ పాట మీద గీశానో చూడండి."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. గీత చివరి పాట మీదుంది. ప్రతి రికార్డు చివరా సర్కారు బలవంతాన పెట్టించిన దేశభక్తి పాట అది. ఆయన పాట చెక్కుచెదరలేదు.

"పొరపాటా?"

"మా ఆఫీసరు గీత ఉందా లేదా అనే చూసేవాడు."

"నా పాట మిగిలి ఏం లాభం? ఎవరు విన్నారు గనక!"

"మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచినప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నేను వినేదాన్ని. రిటైరయ్యేదాకా."

"రోజూనా?"

"ఆదివారాలు సెలవు. రెండో చరణంలో ఒకచోట మీ వేలు జారుతుంది, మాస్టారూ."

మన్‌హో చేతిలో తీగ వదులైంది. ఆ తప్పు ఈ లోకంలో తనొక్కడికే తెలుసని ఇన్నేళ్ళూ అనుకున్నాడు.