మంగళవారం ఫోను

"అదిగో, నీ మంగళవారం మొగుడు పిలుస్తున్నాడు," అంది నోలీన్.

మంగళవారం టీ బ్రేకులో గ్లెనిస్ ఫోను మోగిందంటే అది యూనివర్సిటీ నుంచేనని, సముద్రపు ఒడ్డునున్న అల్వర్‌స్టన్ ఊళ్ళో ఉల్లిపాయలు ఏరే షెడ్డులో అందరికీ తెలుసు. గ్లెనిస్ చేతి తొడుగులు ఊడదీసి, ఫోను చెవికి ఆనించుకుని సన్నటి వానలోకి పోయింది. అవతల ఇమోజెన్ అనే ఆవిడ. పాఠాలు ఎలా సాగుతున్నాయని అడుగుతుంది. కంప్యూటర్ మొరాయిస్తే ఏం నొక్కాలో చెబుతుంది. మనవడికి జ్వరం తగ్గిందా అని కూడా అడుగుతుందట.

నోలీన్‌కి అలాంటి ఫోను ఒక్కసారీ రాలేదు. రానందుకు ఆమెకు లోలోపల గర్వంగానే ఉండేది.

ఇద్దరూ కోర్సులో ఒకేరోజు చేరారు. చిన్నప్పుడు బడి మానేసినవాళ్ళు దగ్గర్లోని బర్నీ పట్నంలో నర్సింగు డిగ్రీకి వెళ్ళాలంటే ముందు ఈ కోర్సు గట్టెక్కాలి. ఈ తీరంలో చేరినవాళ్ళు చేరినట్టే మానేస్తున్నారు, దానికి విరుగుడేమిటో కనిపెట్టమని ఇమోజెన్‌కి ఒక చిన్న పరిశోధనకు నిధులొచ్చాయి. ఆ సంగతి మొదటిరోజే చెప్పారు. ఎన్ని కాగితాలు ముందు పెడితే అన్నిటి మీదా వీళ్ళు సంతకాలు చేశారు.

బళ్ళో నోలీన్‌ది ఎప్పుడూ మొదటి వరస. చేపల వేటకెళ్ళిన తండ్రి పడవ తిరిగి రాకపోవడంతో మానేసింది గానీ బుర్ర లేక కాదు. గ్లెనిస్‌కి ఇప్పటికీ ఎక్కాలే సరిగా రావు. కోర్సులో చేరేటప్పుడు పెట్టిన పరీక్షలో మార్కులు చూసుకునే ఎవరికి సాయం కావాలో తేల్చుకుని ఉంటారని నోలీన్ లెక్క.

"నడవలేనివాళ్ళకే కదే చేతికర్ర ఇచ్చేది," అని ఏడిపించేది.

"ఇవ్వనీలే. నాకు కర్రే కావాలి," అని నవ్వేది గ్లెనిస్.

నోలీన్‌కి ఈ చదువు సరదా కాదు. తల్లి చివరి రోజుల్లో మంచం పక్కన సేవ చేస్తుంటే చూసి, ఆస్పత్రి నర్సు ఒకామె, నీ చేతులు ఉల్లిపాయలు ఏరడానికి పుట్టినవి కావమ్మా అంది. ఆ ఒక్కమాట పట్టుకుని ఈ వయసులో పుస్తకం తెరిచింది.

చలికాలం వచ్చేసరికి వ్యాసాలు మొదలయ్యాయి. ఏ మాట ఏ పుస్తకంలోంచి తీసుకున్నారో చూపలేదంటూ నోలీన్ రాసింది వెనక్కొచ్చింది. తిరిగి రాస్తే మళ్ళీ వెనక్కొచ్చింది. ఎలా చూపాలో చెప్పే దిక్కు లేదు. భర్త కెవ్‌ని అడిగితే, ట్రాక్టరు ఇంజను సంగతైతే చెబుతానన్నాడు. గ్లెనిస్ వ్యాసమూ వెనక్కొచ్చింది కానీ, ఇమోజెన్ ఫోనులో వాక్యం వాక్యం చదివించుకుని దిద్దించింది.

"నాక్కూడా కాస్త చెప్పమని అడగవే," అంది చివరికి నోలీన్, కదిలే బెల్టు మీది ఉల్లిపాయల వైపే చూస్తూ.

"అడిగానే. నీ సంగతి నాతో మాట్లాడకూడదట."

"ఎందుకట?"

"చెప్పలేదు. గొంతు మాత్రం ఒకలా అయిపోయింది."

నోలీన్ సిగ్గు చంపుకుని తనే ఫోను చేసింది.  పేరు చెప్పగానే ఇమోజెన్ ఎంతో మర్యాదగా, అన్నీ వెబ్‌సైటులో ఉన్నాయండీ, చూసుకోండి అని పెట్టేసింది.

దాంతో గర్వం కాస్తా నీరుగారిపోయింది. మార్కులు చూసే తేల్చారు, నిజమే. కానీ తేల్చింది ఇంకోలా. గ్లెనిస్ మీద పెట్టిన శ్రమకి ఫలితం ఉంటుంది, ఈ మనిషి మీద పెట్టడం దండగ అనుకున్నారు. అంత చదివినవాళ్ళు ఊరికే అనుకోరు కదా. నోలీన్ పుస్తకాలన్నీ అట్టపెట్టెకెత్తి వెనకగదిలోకి తోసేసింది.  

గ్లెనిస్ గట్టెక్కింది. బర్నీలో సీటొచ్చింది. షెడ్డులో కేకు కోస్తే నోలీన్ అందరితోపాటు చప్పట్లు కొట్టి, ఇంటికెళ్ళి ఏడ్చింది. ఆ తర్వాత గ్లెనిస్ ఫోను చేస్తే తీసేది కాదు.

మరుసటి ఏడు ఇమోజెన్ ఊరి హాల్లో మీటింగు పెట్టి, కోర్సులో చేరినవాళ్ళందరినీ పిలిచింది. వెళ్ళకూడదనే అనుకుంది నోలీన్. చివరికి ఉండబట్టలేక, ఉల్లివాసన కొట్టే బట్టలతోనే వెళ్ళింది. అప్పటికే ఉపన్యాసం అయిపోయి జనం ఆల్చిప్పల మాంసం కూరిన స్కాలప్ పైల చుట్టూ మూగారు. పేరు చెప్పగానే ఇమోజెన్ ఆమె చేతులు రెండూ పట్టుకుంది.

"మీరొచ్చారా, ఎంత సంతోషమో. మీలాంటివాళ్ళు లేకపోతే నా పరిశోధన నిలిచేదే కాదండీ. రెండో విడత నిధులు కూడా వచ్చాయి."

"నేను మధ్యలో మానేశానండీ."

"తెలుసు. అందుకే అంటున్నాను."

నోలీన్‌కి ఆ మాట బుర్రకెక్కలేదు. ఆమె వచ్చింది ఒక్క ప్రశ్న కోసం. ఏడాదిగా అది గొంతులో ముల్లులా ఉంది.

"ఉన్నది ఉన్నట్టు చెప్పండి, నేనేమీ అనుకోను. గ్లెనిస్‌లో ఏం చూసి ఫోన్లు చేశారు? నాలో ఏం లోటు కనిపించింది?"

ఇమోజెన్ పట్టుకున్న చేతులు వదిలేసింది.

"లోటేముందండీ. మీ మార్కులు నేను చూడనే లేదు. మీరు ఫోను చేసినరోజు నాకెంత బాధేసిందో. కానీ ఫోన్ల వల్ల లాభం ఉందో లేదో తేలాలంటే సగంమందికి చెయ్యకుండా ఉండాలి కదా."

"ఆ సగంలో నన్నెందుకు వేశారు?"

"చీటీ తీశాను."