సోమమ్మ తొడిగిన గాజులు

సూర్యాపేటలో పెళ్లి సామాన్ల దుకాణం సోమమ్మది. గాజులు తొడగడంలో ఆమెకు పేరు. ఇన్నేళ్లలో పెళ్లికూతురి చేతి మీద ఆమె ఒక్క గాజూ చిట్లించలేదు. చిట్లితే అపశకునమంటారు. ఆ తర్వాత ఏ ఇంటివాళ్లూ పిలవరు.

1947లో ఒక రాత్రి, దుకాణం మూసే వేళకు గూడుబండి వచ్చి ఆగింది. బండి తోలే ముసలాయన దిగాడు.

"చెల్లె, పెండ్లిపిల్ల గోషాల ఉన్నది. తెర తియ్యకు. బండి కాడికే వచ్చి తొడుగు."

"నా చేతులకు కండ్లున్నయి తియ్యన్నా. నువ్వు ఎడ్లను కదలనియ్యకు, సాలు."

ఆమె కందిలి దీపం తెచ్చి బండికి తగిలించింది. తెర కింది నుంచి ఎడమ చెయ్యి వచ్చింది. మణికట్టు మీద కాలిన మచ్చ ఉంది. సోమమ్మ నూనె రాసి, వేళ్లు దగ్గరికి నొక్కి, గాజులు ఒక్కొక్కటే ఎక్కించింది. చెయ్యి లోపలికి పోయింది. గాజుల చప్పుడు మాత్రం వినపడలేదు.

"ఇగ కుడి చెయ్యి ఇయ్యి బిడ్డా."

చెయ్యి వచ్చింది. అదీ ఎడమదే. అదే చోట అదే మచ్చ. గాజులు లేవు.

"లోపల ఎంతమంది ఉన్నరన్నా?"

"ఒక్కతే. ఏంది చెల్లె, చెయ్యి వణుకుతున్నదా?"

"నాకా? సోమమ్మ చెయ్యి వణికిందని ఈ పేటల ఎవలన్న అన్నరా?"

ఆమె మళ్లీ నూనె రాసింది. ఆ చేతికీ నిండుగా తొడిగింది. ఒక్కటీ చిట్లలేదు. చెయ్యి చప్పుడు లేకుండా లోపలికి పోయింది.

ఈసారి సోమమ్మ కుడి చెయ్యి అడగలేదు. ఇంకో గాజుల కట్ట విప్పి, తెర ముందు నిటారుగా నిలబడింది.

తెర కదిలింది.