అట్టముక్కల బడి

జువ్వలదిన్నె ఆడవాళ్ల వయోజన బడికి ఆ సాయంత్రం ఒక్కరూ రాలేదు.

పంతులమ్మ సామ్రాజ్యం సుద్దముక్కతోనే బయటికి వచ్చింది. అందరూ చేపలెండేసే దిబ్బ దగ్గరున్నారు. మధ్యలో ఆదిశేషమ్మ. వానలు తగ్గాక ఎక్కడినుంచో వచ్చి, పేరమ్మ పంచన దిగిన మనిషి.

ఆమె పాఠం చెప్పదు. అట్టముక్క ఇస్తుంది. ముందువైపు ప్రశ్న, వెనకవైపు జవాబు. ఎవరికి జవాబు తట్టినప్పుడు వాళ్లు తిప్పి చూసుకుని ఇంకోటి తీసుకోవడమే.

“పేరమ్మా, బడికి రావేం?”

“చేపలమ్ముకోని వచ్చేతలికి మీ పాఠం అయిపోతాది పంతులమ్మా. మళ్లీ చెప్పమంటే కసురుతారు. ఇదైతే రొంట్లో దోపుకుంటే నాకోసరం ఆగతాది.”

ఆడవాళ్లు పకపకా నవ్వారు.

ఆదిశేషమ్మ నవ్వలేదు. “మీరూ కూర్చోండమ్మా,” అంది.

“నా బడి నాకుంది!”

ఆమెను అందరూ అక్కా అంటున్నారు. తనను ఇన్నేళ్లలో ఒక్కరూ అనలేదు. సామ్రాజ్యం విసవిసా వెనుదిరిగింది. మనుషులు రాకపోతే బడి మూసేస్తామని సమితి ఆఫీసు ముందే హెచ్చరించింది. ఈమె కన్ను తన ఉద్యోగం మీదే!

మర్నాడు కులపెద్ద చిన్నపోలయ్య గడప తొక్కింది.

“ఆ అట్టముక్కలు ఇళ్లల్లో చేరాకే కదయ్యా, వలలు ఖాళీగా వస్తున్నది?”

ఆ మాట తనే నమ్మలేదు. ఆయన నమ్మాడు.

“నిజమేనమ్మే! ఇంక వాటిని ఎవురూ తాకబళ్లేదు. దురాయి!”

కులపెద్ద దురాయి అని ఆన పెట్టాక ఎవరూ మీరరు. ఆడవాళ్లు అట్టముక్కలన్నీ తెచ్చి ఆదిశేషమ్మ ముందు పెట్టారు. కామాక్షమ్మ మాత్రం తనదాన్ని తిప్పి, జవాబు చూసుకుని మరీ ఇచ్చింది.

“ఏమనుకోబాకక్కా. యాడికి పోతావిప్పుడు?”

“బిట్రగుంటలో రైలెక్కుతా.”

వెళ్తూ ఆమె బడి గుమ్మం దగ్గర ఆగింది.

“వాళ్లను తొందరపెట్టకండమ్మా.”

సామ్రాజ్యం తల తిప్పుకుంది.

ఆ వారంలోనే సమితి అధికారి రంగనాయకులు జీపు దిగాడు. అట్టముక్కలు పోయాక ఆడవాళ్లంతా మళ్లీ వస్తుండడంతో బడి నిండుగా ఉంది. పేరమ్మను చదవమన్నాడు. గడగడా చదివింది. కామాక్షమ్మ చదివింది. అందరూ చదివారు.

“భేష్! ఇంక ఈ బడి మూయక్కర్లేదు. ఆదిశేషమ్మ గారేరీ?”

సామ్రాజ్యం ఒక అడుగు ముందుకేసింది. “ఆమె... మీకు తెలుసా?”

“తెలియకపోవడమేంటమ్మా! నిన్ను తీసేసి ఈ ఉద్యోగం ఆమెకిస్తామంటే, ఒకరి నోటికాడి కూడు నాకొద్దు, ఆ పంతులమ్మ బడే నిలబెట్టి వస్తానని వచ్చింది.”