అమ్మ చేప

పొద్దుటి డ్యూటీ దిగి ఇంటికొచ్చిన బస్సు డ్రైవరు హాల్లోకి అడుగుపెట్టి అలాగే నిలబడిపోయాడు. ఉప్పునీళ్ళ గాజుతొట్టిలో సముద్రపు చేపలన్నీ నీటి పైకి చేరి, నోళ్ళు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటున్నాయి. పొద్దున పూలలా విచ్చుకుని ఉన్న పగడాలు ఇప్పుడు బిగించిన గుప్పెళ్ళలా ఉన్నాయి. తొట్టికి అతికించిన థర్మామీటరు ముప్పై మూడు చూపిస్తోంది. ఉండాల్సింది ఇరవై ఆరు.

హీటరు ఎర్రలైటు ఆరకుండా వెలుగుతోంది. ప్లగ్గు పీకేసి, భార్య రాసిపెట్టిన నోటుపుస్తకం తీశాడు. ఉప్పు పాళ్ళు, నీళ్ళు మార్చే రోజులు, ఏ పగడానికి ఎంత వెలుతురు కావాలో, అన్నీ ఉన్నాయి. హీటరు ఆగకపోతే ఏం చెయ్యాలో మాత్రం ఎక్కడా లేదు. అడుగుదామంటే ఆమె పోయి నాలుగు నెలలు.

చేపల షాపతనికి ఫోను చేశాడు.

"మంచుముక్కలు వేసెయ్యనా?"

"వద్దండీ. మంచు కరిగితే ఉప్పు పలచబడిపోతుంది, అసలుకే మోసం. సంచుల్లో వేసి ముడికట్టి తేలనివ్వండి. వేడి కాస్త కాస్తగా దించాలి. ఒక్కసారిగా చల్లబడినా తట్టుకోలేవవి."

"ఎంతసేపు పడుతుంది?"

"సాయంత్రం దాకా పడుతుంది."

"నాలుగింటికి మా పాప వచ్చేస్తుందండీ."

"షాపు మూసి వస్తున్నా," అన్నాడు షాపతను.

ఫ్రిజ్‌లో మంచు రెండు సంచులకే సరిపోయింది. పక్కింటి తలుపు కొట్టాడు, ఎదురింటి తలుపు కొట్టాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయిన మనిషి పట్టపగలు మంచు అడుగుతుంటే ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అయినా కాదనకుండా ఇచ్చారు.

షాపతను వచ్చేసరికి ముప్పై ఒకటి. ఇద్దరూ కలిసి బకెట్లో ఉప్పునీళ్ళు కలిపారు, కొలిచారు, తొట్టిలో నీళ్ళు కొంత తీసి కొత్తవి పోశారు. నారింజరంగు చేపల జంట తేరుకుంది. రొయ్య రాతి సందులోంచి మీసాలు బయటపెట్టింది. పసుపు చేప ఒక్కటే పక్కకు ఒరిగిపోయింది.

పాప దానికి నిమ్మకాయ అని పేరు పెట్టుకుంది. తల్లి పోయిన రోజు కూడా ఆ పిల్ల ఏడవలేదు. ఆ సాయంత్రం నుంచి రోజూ బడి నుంచి రాగానే స్టూలు లాక్కుని తొట్టి ముందు కూర్చుంటుంది. బడిలో జరిగినవన్నీ ఆ చేపకి పూసగుచ్చినట్టు చెబుతుంది. తండ్రి అడిగితే మాత్రం "ఏం లేదు నాన్నా" అంటుంది.

డ్రైవరు మోచేతుల దాకా నీళ్ళలో చేతులు పెట్టి చేపని పట్టుకున్నాడు. నీళ్ళు తోసే పంపుకి ఎదురుగా పెట్టి, ఆ ధార నోట్లోకి పోయేలా నిలబెట్టాడు. పావుగంట. అరగంట. నడుము పట్టేసింది.

"వదిలెయ్యండి, లాభం లేదు," అన్నాడు షాపతను.

"మొప్పలు కదిలాయి, మీరు చూడలేదు."

"అవి పంపు నీళ్ళకి కదులుతున్నాయండీ."

డ్రైవరు వదల్లేదు. ఆస్పత్రిలో కూడా అతను ఇలాగే వాదించాడు. ఆమె వేళ్ళు కదిలాయని నర్సులిద్దరితో గొడవపడ్డాడు. అది గుర్తొచ్చాక అతని పట్టు సడలింది. చేప అరచేతిలో వెల్లకిలా తిరిగింది.

నేల మీద చతికిలబడ్డాడు. "ఆరేళ్ళు పెంచిందండీ దీన్ని. నా చేతికొచ్చి నాలుగు నెలలే. పిల్లకి ఏమని చెప్పను? మీ అమ్మది ఇదొక్కటైనా నిలబెట్టలేకపోయానని చెప్పనా?"

షాపతను ఏదో చెప్పబోయి ఆగాడు. గడియారం వైపు చూశాడు. "అచ్చం ఇలాంటిదే షాపులో ఉంది. ఇంతే సైజు. నిజానికి రెండు రోజులు ఆగి వెయ్యాలి, కానీ నీళ్ళు ఇరవై ఏడుకి దిగాయి కాబట్టి పరవాలేదు."

"పిల్లని మోసం చెయ్యమంటారా?"

"మీ ఇష్టమండీ."

మూడుంబావు. డ్రైవరు మొహం తుడుచుకున్నాడు. "తీసుకురండి," అన్నాడు.

కొత్త చేపని సంచితో సహా పావుగంట నీళ్ళలో తేలనిచ్చి, తర్వాత మెల్లగా వదిలారు. అది తొట్టిలో ఒక్క చుట్టు తిరిగి, పెద్ద రాయి వెనక్కి దూరిపోయింది. షాపతను వెళ్ళిపోయాడు. డ్రైవరు చచ్చిన చేపని కాగితంలో చుట్టి పెరట్లో పూడ్చాడు. మంచు సంచులు దాచేశాడు. హాలు తుడుస్తుండగానే గేటు చప్పుడైంది.

పాప సంచీ సోఫాలో పడేసి, స్టూలు లాక్కుని కూర్చుంది. డ్రైవరు వంటింట్లోకి వెళ్ళి కడిగిన గిన్నెనే మళ్ళీ కడగసాగాడు.

"నాన్నా, నేలంతా తడిగా ఉందేంటి?"

"తుడిచానమ్మా."

"నిమ్మకాయ ఏది?"

చేతిలో గిన్నె జారి సింకులో పడింది. "అక్కడే ఎక్కడో ఉంటుంది, చూడు. రాయి వెనక ఉందేమో."

పాప మోకాళ్ళ మీద వంగి, గాజుకి ముక్కు ఆనించి చాలాసేపు చూసింది. లోపల పసుపు తోక కాస్త కనిపించి మాయమైంది. ఆ పిల్ల లేచి వంటింట్లోకి వచ్చింది. తండ్రి తడి చొక్కా చూసింది, ఎర్రబడ్డ కళ్ళు చూసింది. ఉప్పునీళ్ళకి నాని ముడతలుపడ్డ అతని చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"బెంగపడకు నాన్నా, రేపటికి బయటికొస్తుంది. అమ్మ మార్చిన నాలుగు నిమ్మకాయలూ మొదటిరోజు ఇలాగే దాక్కున్నాయి."